కాయలు కాయని చేతులు

మేస్త్రి మనుషుల్ని పనిలో పెట్టుకునే పద్ధతి చాలా తేలిక. వచ్చినవాడి పేరు అడగడు, ఊరు అడగడు, ఇంతకుముందు ఎక్కడ చేశావని అసలే అడగడు. "చెయ్యి" అంటాడు. వాడు చెయ్యి చాపుతాడు. మేస్త్రి ఆ చేతిని తన ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేతి బొటనవేలితో వేళ్ళ మొదళ్ళ దగ్గర నొక్కి, అరచేతిని అడ్డంగా ఒకసారి రుద్దుతాడు. కాయలు కాసి ఉంటే పార చూపిస్తాడు. లేకపోతే గేటు చూపిస్తాడు. ఆ తీర్పు మీద మళ్ళీ మాట్లాడేది ఏమీ ఉండదు.

కొత్త ఇంజనీరు ఒకాయన పని చూడ్డానికి వచ్చి, మర్యాదకి చెయ్యి చాపితే, మేస్త్రి ఏదో ఆలోచనలో ఉండి అలవాటు కొద్దీ నొక్కి చూసి గేటు చూపించాడట. ఆ ఇంజనీరు కూడా, పాపం, గేటు దాకా వెళ్ళాడట. ఇది నిజమేనా అని ఎవరైనా అడిగితే మేస్త్రి అవుననడు, కాదనడు. ఆ పేరు తనకి బాగానే ఉందనుకునేవాడు.

ఇక ఆయన చేతుల సంగతి. మీసాలు రాకముందు నుంచీ సిమెంటులో నానిన చేతులవి. అరచేతి గీతల వెంట పగుళ్ళు, పగుళ్ళలోకి దిగి ఆరి అక్కడే స్థిరపడిపోయిన సిమెంటు. తొడుగులు వేసుకోమని అందరూ చెప్పి చూశారు. తొడుగులు వేసుకున్నవాడు సగం పనే చేస్తాడని ఆయన గట్టి నమ్మకం. పొగలు కక్కే టీ గ్లాసును అంచు పట్టుకోకుండా గ్లాసు నడుం దగ్గరే పట్టుకుని తాపీగా తాగేవాడు. కాలేది కాదు. దాన్ని కూడా తన గొప్పల్లో కలుపుకున్నాడు.

భార్య పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురు. మేస్త్రి, ఆయన అక్క, ఆయన కూతురు. కూతురు ఒక కుట్టు దుకాణంలో పని చేస్తుంది. నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని పని చేసే వృత్తి కావడం వల్లనేమో, మాట పొదుపు. ఒక సాయంత్రం మాత్రం పొదుపు పక్కన పెట్టి, తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుని, తనకొక అబ్బాయి నచ్చాడని చెప్పింది. పనిలో వేసుకునే ఏప్రన్లు కుట్టించుకోడానికి దుకాణానికి వచ్చాడట.

"ఏం చేస్తాడు?" అన్నాడు మేస్త్రి.

"క్రీములు తయారుచేసే చోట పని."

"ఆడవాళ్ళు మొహానికి పూసుకునేవా?"

"చేతులకి కూడా రాసుకుంటారు నాన్నా."

మేస్త్రి పెదవి విరిచాడు. కూతురు ఆ విరుపు చూసి, వానొచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా ఇంకో మాట చెప్పింది. "నువ్వు సరే అంటేనే చేసుకుంటాను. కాదంటే అతన్ని చేసుకోను. ఇంకెవర్నీ చేసుకోను కూడా."

ఆ ఆదివారం అబ్బాయి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పే మనిషి. కుర్చీ అంచున కూచుని మేస్త్రి అక్క ఇచ్చిన టీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగడం మర్యాద కాబట్టి మేస్త్రి ఆగాడు. తర్వాత "చెయ్యి" అన్నాడు.

ముందే విని ఉన్నాడేమో, అబ్బాయి రెండూ చాపాడు. మేస్త్రి నొక్కాడు. రుద్దాడు. రెండో చెయ్యి కూడా నొక్కి రుద్దాడు. బొటనవేలికి ఎక్కడా ఏదీ అడ్డు తగల్లేదు.

"ఇది చెయ్యా, వెన్నముద్దా?"

"చెయ్యేనండీ," అన్నాడు అబ్బాయి.

ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో అతని పేరు వెన్నముద్ద.

"ఈ చేతులతో ఎప్పుడైనా పని చేశావా?"

"రోజూ చేస్తానండీ. ఉన్ని కొవ్వు కరిగించి, వడగట్టి, నూనెల్లో కలిపి, నీళ్ళు పోసి తిప్పుతాను."

"ఉన్నికి కొవ్వేమిటి?"

"గొర్రె వానకి తడిసిపోకుండా దాని ఒంట్లోంచి ఊరుతుందండీ. ఉన్ని కడిగేటప్పుడు అది విడిగా తీస్తారు. మాకు డబ్బాల్లో వస్తుంది. లనోలిన్ అంటారు."

"అదా వాసన!" అంది మేస్త్రి అక్క, పెద్ద అనుమానం తీరినట్టు. "ఎవరో మందని ఇటు తోలుకొచ్చారనుకున్నా."

మేస్త్రికి కోపమొచ్చినా, కలపడమనే మాట వినేసరికి ఊరుకోలేకపోయాడు. బతుకంతా ఇసకా సిమెంటూ నీళ్ళూ కలుపుతూనే ఉన్నాడాయె. "నూనే నీళ్ళూ కలవవు," అన్నాడు.

"కలవవండీ. మధ్యలో ఇది ఉంటే కలుస్తాయి. అటు నూనెనీ ఇటు నీళ్ళనీ ఇదే పట్టుకుని ఉంటుంది. చర్మానికి రాస్తే లోపలి తడిని బయటికి పోనివ్వదు. అందుకని చర్మం మెత్తబడుతుంది. నా చేతులు పొద్దస్తమానం దాంట్లోనే ఉంటాయి కదండీ."

అబ్బాయి ఉన్న విషయం చెప్పాడు. మేస్త్రికి అది సాకులా వినపడింది.

"చూడు బాబూ, కాయలు కాయని చేతికి నేను పారే ఇవ్వను. పిల్లనెలా ఇస్తాను? కాయలు కాశాక రా. ఆ రోజే సరే అంటాను. ఇది నా మాట."

"ఎన్ని కాయలండీ?"

మేస్త్రి అబ్బాయి మొహంలోకి చూశాడు. వెటకారం ఆనవాళ్ళేమీ కనపడలేదు. "నాలుగు," అన్నాడు.

"రెండు చేతులకీ కలిపా అండీ, ఒక్కో చేతికా?"

"ఒక్కో చేతికీ!" అని అరిచాడు మేస్త్రి.

అబ్బాయి తలూపి, మేస్త్రి అక్కకీ కూతురికీ చెప్పి వెళ్ళిపోయాడు. పీడ వదిలిందనుకుని మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. ఆ అబ్బాయి సంగతి తెలియక అలా అనుకున్నాడు గానీ, వెన్నముద్ద తెల్లవారగానే ఇటుకల అడ్డాకి వెళ్ళి లారీలోంచి ఇటుకలు దించడం మొదలుపెట్టాడు. దించి, స్నానం చేసి, పనికి వెళ్ళేవాడు. అక్కడ చేతులు పొద్దస్తమానం ఆ కొవ్వులోనే. పొద్దున ఇటుకలు గట్టిపరిచినదాన్ని సాయంత్రానికల్లా లనోలిన్ మెత్తపరిచేసేది. అయినా ఆదివారం ఆదివారం వచ్చి, టీ తాగి, చేతులు చాపేవాడు.

"లేదు," అనేవాడు మేస్త్రి.

"శుక్రవారం పొద్దున ఒకటి ఉందండీ. మీకు చూపిద్దామనుకుంటే మధ్యాహ్నానికి పోయింది," అని చెప్పేవాడు అబ్బాయి.

రానురాను మేస్త్రి అక్క కూడా కళ్ళజోడు పెట్టుకుని పరీక్షలో కూచోవడం మొదలుపెట్టింది. "ఇక్కడేదో ఉన్నట్టుందిరా," అంది ఒకసారి ఆశగా.

"అది పుట్టుమచ్చ అక్కా."

చివరికి కూతురే ఒక ఉపాయం చెప్పింది. పనిలో తొడుగులు వేసుకోవచ్చు కదా అని అడిగింది.

"కుదరదు," అన్నాడు అబ్బాయి. "కొవ్వు నూనెనీ నీళ్ళనీ సరిగా పట్టిందా, చల్లారేటప్పుడు పలుకు కట్టిందా అన్నది వేళ్ళకే తెలియాలి. కళ్ళకి కనపడదు. మా కార్ఖానా అమ్మగారు మనుషుల్ని పెట్టుకునే ముందు చెయ్యి నొక్కి చూస్తారు."

మేస్త్రి కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "చూసి?"

"కాయలుంటే పెట్టుకోరండీ."

అబ్బాయి మిగతాది కూడా చెప్పాడు. వేళ్ళ మొదట్లో చర్మం బిరుసెక్కుతున్న సంగతి కార్ఖానా యజమానురాలు కనిపెట్టేసిందట. కాయలన్నా మానుకో, పనన్నా మానుకో అని చెప్పేసిందట.

"మీ మాట మీదండీ, ఆవిడ మాట ఆవిడది," అన్నాడు. "నేను పనే మానేస్తాను. ఆ పని తప్ప నాకింకోటి రాదు. కానీ ఇటుకలు మొయ్యడానికి ఏం రానక్కర్లేదు. కాయలు నాలుగేసీ గట్టిపడ్డాకే వస్తానండీ, ఊరికే ప్రతివారం మీకు శ్రమ."

అతను వెళ్ళిపోయాక కూతురు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"ఆ అబ్బాయి చేతులకేం వంక లేదురా," అంది అక్క. "పిల్ల వెళ్ళిపోతుందని నీ బెంగ. ఆ ముక్క చెప్పుకోలేక ఆ పిల్లాణ్ణి ఇటుకలు మోయిస్తున్నావు."

"నోటికొచ్చినట్టు మాట్లాడకక్కా."

"ఇంకెవరి నోటికొచ్చినట్టు మాట్లాడమంటావు?"

మేస్త్రికి బెంగగానే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, ప్రతిసారీ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. సరే అనేస్తే పోతుంది కదా అంటే, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి రాదు. నేర్చుకునే వయసు కూడా దాటిపోయిందని ఆయన అభిప్రాయం.

మూడు రోజులాగి పనిలోంచి మధ్యాహ్నమే బయటపడి, కార్ఖానా ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాడు. పగుళ్ళకి మందు కొనుక్కునే వంకతో అబ్బాయి చెప్పిందంతా నిజమో కాదో చూసి రావాలని ఉద్దేశం. కార్ఖానా అంటే రెండు గదులు, తెల్లటి నాపరాళ్ళు, గట్టు మీద స్టీలు గిన్నెలు. తలుపు మీద 'పనివాళ్ళు కావాలి' అన్న అట్టముక్క వేలాడుతోంది. ఎవరి స్థానంలో కావాలో మేస్త్రికి అర్థమైంది.

తలకి గుడ్డ కట్టుకున్న ఒక పొట్టి ఆవిడ లోపల్నించి వచ్చి, ఆయన్నీ, ఆయన వెనక వేలాడుతున్న అట్టముక్కనీ చూసింది.

"చెయ్యి," అంది.

ఆ మాట మేస్త్రితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ గొంతుతో అంటే ఎవరూ చాపకుండా ఉండలేరని ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చాపాడు. ఆవిడ ఆ చేతిని తన ఎడమచేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. మొహం చిట్లించింది.

"ఈ చేతులతో ఇక్కడ ఏ పనీ చెయ్యలేరండీ," అని తలుపు చూపించింది.

మేస్త్రి తలుపు దాకా వెళ్ళాడు కూడా. గడప మీద కాలు పెట్టాక గానీ తను పని కోసం రాలేదన్న సంగతి గుర్తుకి రాలేదు. వెనక్కి తిరిగి, పగుళ్ళకి మందు కోసం వచ్చానన్నాడు.

"అదేదో ముందే చెప్పొచ్చు కదా," అని ఆవిడ పొయ్యి దగ్గరికి నడిచింది. "ఉండండి, చెయ్యి ఖాళీ లేదు. అబ్బాయి మానేశాడు, అన్నీ నేనే చేసుకుంటున్నా."

ఒక గిన్నెలో నూనెలు, పసుపుపచ్చటి కొవ్వు కరిగి కలిసిపోయి ఉన్నాయి. పక్క గిన్నెలో వేడినీళ్ళు. ఆవిడ ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో నీళ్ళు సన్నటి ధారగా పోస్తోంది. మేస్త్రి చేతులు కట్టుకుని చూశాడు. పచ్చటి నూనె కాస్తా పాలిపోయి, చిక్కబడి, తెల్లటి ముద్దయింది. అన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలియలేదు.

"ఒక్కసారిగా పొయ్యరన్నమాట," అన్నాడు.

"పోస్తే విరుగుతుంది. ఈ కొవ్వుకి నీళ్ళు పట్టే ఓపిక చాలా ఉంది గానీ, తొందరపెడితే వదిలేస్తుంది."

"మాదీ అంతే," అన్నాడు మేస్త్రి. ఆవిడ మీద కొంచెం గౌరవం కలిగింది.

ఆవిడ రెండు గాజు పలకలు తెచ్చి గట్టు మీద పెట్టింది. రెండింటి మీదా తెల్లటి క్రీమే. "నిన్న కలిపినవి. ఒకటి కుదిరింది, ఒకటి పాడైంది. ఏది పాడైందో చెప్పండి చూద్దాం. ఆ అబ్బాయైతే వేలు పెట్టి తీసేలోపు చెప్పేవాడు."

మేస్త్రి మొదటిదాన్ని వేళ్ళ మధ్య రుద్దాడు. రెండోదాన్ని రుద్దాడు.

"రెండూ ఒకటే."

"ఒకదాంట్లో ఇసకలా పలుకులున్నాయండీ."

"దేంట్లో?"

ఆవిడ చూపించింది. మేస్త్రి మళ్ళీ తీసుకుని రుద్దాడు. క్రీమంతా వేళ్ళలో ఇంకిపోయేదాకా రుద్దాడు. ఇసక గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, ఏ ఏటిదో చెప్పేస్తానని చెప్పుకునే మనిషాయన. ఆ వేళ్ళకి పలుకొక్కటీ తగల్లేదు.

ఆవిడ ఇక ఆ మాట ఎత్తకుండా ఒక డబ్బా మూత బిగించి ఇచ్చింది. "రోజూ పడుకునే ముందు రాసుకోండి. పగుళ్ళు పూడతాయి. స్పర్శ ఎంత వెనక్కొస్తుందో మాత్రం చెప్పలేను." కాసేపాగి, తనలో తను గొణుక్కున్నట్టు, "మంచి వేళ్ళున్న పిల్లాడు. ఎవడో మతిలేని పెద్దమనిషి కాయలు కాస్తే గానీ పిల్లనివ్వనన్నాడట," అంది.

"అలాగా," అన్నాడు మేస్త్రి.

"మీకు తెలుసా ఆయన?"

"ముఖపరిచయం."

దారిలో కనపడినవన్నీ తాకుతూ నడిచాడు. ఇనప కటకటాలు, పిట్టగోడ, ఒక చెట్టు బెరడు. అన్నీ ఉన్నాయని తెలుస్తోంది, ఎలా ఉన్నాయో తెలియడం లేదు. మరి ఇన్నాళ్ళూ అన్ని చేతుల్ని ఎలా చూశాను అని ఆలోచించుకుంటూ వెళ్ళి, వీధి మలుపులో ఆగిపోయాడు. గరుకు చేతిని రుద్దితే చప్పుడొస్తుంది. మెత్తటి చేతిని రుద్దితే రాదు. ఇన్నాళ్ళూ ఆయన మనుషుల్ని చెవితో పరీక్షించాడు. మేస్త్రికి భయమేసింది. ఎవరికీ చెప్పలేదు.

డబ్బాని పనిముట్ల సంచీ అడుగున దాచాడు. రోజూ స్నానాల గదిలో తలుపేసుకుని రాసుకునేవాడు.

"వెన్నముద్ద గానీ వచ్చి వెళ్ళాడా?" అని అక్క బయట్నించి గాలి పీలుస్తూ అడిగేది.

"రాలేదే," అనేవాడు మేస్త్రి లోపల్నించి.

పనిలో తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగినవాళ్ళకి గోళ్ళు చిట్లుతున్నాయన్నాడు. కొన్నాళ్ళకి పగుళ్ళలోని సిమెంటు రేకులు రేకులుగా ఊడిపోయింది. కింద గులాబిరంగు చర్మం బయటపడింది. తన చేతుల మీద ఆ రంగు చూడ్డం ఆయనకి సిగ్గుగా ఉండేది. ఒకరోజు టీ గ్లాసు నడుం దగ్గర పట్టుకుని, చురుక్కుమనేసరికి వదిలేశాడు. ఇంకో రోజు కొత్తగా వచ్చిన కూలీ చెయ్యి నొక్కబోయి ఉలిక్కిపడ్డాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. చేతులు వెచ్చగా ఉంటాయన్న సంగతి ఆయన మర్చిపోయాడు. కొత్త చర్మానికి అందరి చేతులూ గరుగ్గానే తగిలేవి. దాంతో గేటు చూపించడం దాదాపు మానేశాడు. మేస్త్రి మెత్తబడ్డాడని పనివాళ్ళు చాటుగా చెప్పుకున్నారు. అది నిజం కూడా.

ఇంట్లో మాత్రం ఆదివారాలు గడ్డుగా గడిచేవి. అబ్బాయి రావడం లేదు. కూతురు అడగడం లేదు. మేస్త్రి సరే అనడం లేదు. అక్క రోజూ ఒకే తిట్టు తిట్టడం విసుగనిపించి కొత్తవి కనిపెడుతోంది.

చివరికి ఒక ఆదివారం పొద్దున గుమ్మంలో చప్పుడైంది. వెన్నముద్ద నల్లగా, ఇంకా సన్నగా, చేతులు రెండూ కొంచెం వంకరగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుప్పెట పూర్తిగా మూతపడటం లేదు. గొర్రె వాసన పోయి, ఇటుక వాసన వేస్తున్నాడు. టీ ఇస్తే గ్లాసు సరిగా పట్టుకోలేక రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని తాగాడు.

"కాశాయండీ," అన్నాడు. "ఒక్కో చేతికీ నాలుగు. కుడిచేతికి ఒకటి ఎక్కువే వచ్చింది."

మేస్త్రి ఆ చేతులు తీసుకున్నాడు. ఈసారి చెవి పెట్టలేదు. వేళ్ళ మొదళ్ళ దగ్గర గట్టి గట్టి గడ్డలు, వాటి మధ్య చితికి రసి కారుతున్న బొబ్బలు, బొబ్బల చుట్టూ సెగలాంటి వేడి. అన్నీ తెలిశాయి. నొక్కితే అబ్బాయి పళ్ళు బిగబట్టాడు. పలుకు కట్టిందో లేదో కనిపెట్టే వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇది నా పనే అనుకున్నాడు మేస్త్రి.

"సరే," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏమిటి సరే?" అంది అక్క.

"సరే అంటే సరే. మాట మాటే. పెళ్ళి చేసుకోండి. రేపట్నించి ఇటుకలు మానెయ్, చేతులు బాగు చేసుకుని మీ అమ్మగారి దగ్గరికి పో. ఆవిడ తలుపు మీద అట్టముక్క కట్టుకుని కూచుంది."

"మీకెలా తెలుసండీ?"

"వెళ్ళి చెయ్యి చూపించుకొచ్చాను."

"ఏమన్నారండీ?"

"పనికి రాదంది."

అక్క పకపకా నవ్వేసింది. అబ్బాయి నవ్వడమా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి, వద్దనుకున్నాడు. కూతురు పరుగున వచ్చి "నాన్నా" అని తండ్రి చెయ్యి పట్టేసుకుంది.

మేస్త్రి కూడా నవ్వబోయి ఆగిపోయాడు. బొటనవేలు అలవాటు కొద్దీ ఆ చేతిని నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఆయన కూతురి చేతిని తిప్పి, వెలుగులో పెట్టి చూశాడు. వేళ్ళ కణుపుల మీద చర్మం పొలుసులు లేచి ఉంది. బొటనవేలి పక్కన పగులు, దాని అంచున ఎండిన రక్తం. అరచేతి అడుగున, మణికట్టు దగ్గర గట్టి కాయ. ఇన్నేళ్ళ పరీక్షల్లో అంతటి కాయ ఉన్నవాళ్ళని ఆయన పది మందికి మించి చూసి ఉండడు.

"ఇదేమిటి?" అన్నాడు. "సూదిపనికి ఇలా కాస్తాయా?"

కూతురు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆయన వదల్లేదు.

"సూదిపనికి కాదు. నీ బట్టలకి," అంది అక్క. "బట్టలుతికే మిషను కొంటే నీ సిమెంటు దాని గొట్టంలో గట్టిపడి చచ్చింది కదా. అప్పట్నించీ చేత్తోనే ఉతుకుతోంది. నేను చేస్తానంటే నా నడుం చూసి చెయ్యనివ్వదు."

మేస్త్రి అబ్బాయి వైపు తిరిగాడు. "నీ కొవ్వు వీటికి పని చెయ్యదా?"

"చేస్తుందండీ. ఏప్రన్ల కోసం వచ్చినప్పుడు మీ అమ్మాయి నెత్తురు కారే వేళ్ళకి గుడ్డ చుట్టుకుని పక్కకి లేచి వెళ్తుంటే చూసి, మర్నాడే తెచ్చిచ్చాను. అప్పట్నించీ ఇస్తూనే ఉన్నాను. ఆవిడ రాసుకుంటూనే ఉన్నారు. రాత్రికి మెత్తబడతాయి. పొద్దున మీ బట్టలు తొట్టిలో పెడతారు."

"ఇన్ని ఆదివారాలు వచ్చావు. ఒక్కనాడైనా చెప్పావా?"

"మీరు నా చేతులే చూస్తానన్నారండీ."

మేస్త్రి కూతురి మొహంలోకి చూశాడు. "నువ్వైనా చెప్పచ్చు కదమ్మా."

"నీ చేతులకంటే నావే నయం కదా నాన్నా. ఏమని చెప్పను?" అంది ఆ అమ్మాయి.

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే ఆయనకి తేలికయ్యేది. వచ్చినవాడి చెయ్యల్లా నొక్కి చూసిన మనిషి, ఇంట్లో ఉన్న చేతిని ఎప్పుడు పట్టుకున్నాడో గుర్తు చేసుకోబోయాడు. రోడ్డు దాటించడానికి చిన్నప్పుడెప్పుడో పట్టుకున్నట్టు గుర్తొచ్చింది. అప్పుడు ఆ చెయ్యి ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

ఆయన లేచి, పెరట్లోకి నడిచాడు. తొట్టిలో వారం బట్టలు నానుతున్నాయి. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. పీట లాక్కుని కూచుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు.

భగ్గున మండింది. కొత్తగా వచ్చిన గులాబిరంగు చర్మమంతా ఒక్కసారిగా మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తొడుగులు వేసుకోరా," అంది అక్క వెనక నుంచి.

"వద్దు."

"నేను ఉతుకుతాలే నాన్నా, లే," అంది కూతురు. ఆమె వెనకే అబ్బాయి నిలబడి ఉన్నాడు.

"నువ్వు లోపలికి పో. పెళ్ళెప్పుడో మాట్లాడుకోండి. తొందరగా పెట్టుకోండి."

వాళ్ళు వెళ్ళలేదు. ఆయన మళ్ళీ చెప్పలేదు. చేతులు బయటికి తీసెయ్యాలని ప్రాణం లాగుతోంది. తియ్యకుండా, పైనున్న చొక్కా అందుకుని రుద్దడం మొదలుపెట్టాడు. కాలరు దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కాలరు శుభ్రంగా రుద్ది, జాడించి, పిండి, పక్కన పెట్టి, తొట్టిలోకి చూశాడు. ఇంకా చాలా చొక్కాలున్నాయి.